షాపు మూస్తున్నామంటే ఏం చేయాలి? ఆన్‌లైన్ అమ్మకాలు, యూఏఈలో మనవాళ్ల ఉద్యోగాలు

సూపర్ మార్కెట్‌లో హెల్పర్, బట్టల షాపులో సేల్స్‌మన్, బకాలాలో సామాన్లు ఇచ్చొచ్చే అబ్బాయి. ఈ పనుల మీద బతికే మనవాళ్లు దుబాయ్, షార్జా, అబుదాబిలో చాలామంది ఉన్నారు. "షాపులో బేరం లేదన్నా, అందరూ ఫోన్లోనే కొంటున్నారు. మమ్మల్ని తీసేస్తారా?" అని తరచుగా అడుగుతున్నారు. అందుకే తెలుసుకోవాల్సిన సంగతులన్నీ ఒక్కచోట రాస్తున్నాం.

ఎట్లా మొదలైంది?

దుబాయ్‌లో సూక్ డాట్ కామ్ 2005లోనే మొదలైంది. 2017లో దాన్ని అమెజాన్ కొన్నది, 2019లో అమెజాన్ పేరుకే మార్చింది. 2017లోనే నూన్ కూడా వచ్చింది. 2020లో కరోనా వచ్చాక, అంతకుముందు ఫోన్లో కొనని వాళ్లు కూడా అలవాటు పడ్డారు. ఇప్పుడు పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లే సొంత యాప్‌లు పెట్టుకున్నాయి.

షాపుల్లో ఏం మారింది?

షాపులన్నీ మూతపడలేదు. కానీ పని తీరు మారింది. బయట కౌంటర్ దగ్గర మనుషులు తగ్గి, లోపల ఆర్డర్లు ఏరి సంచుల్లో సర్దేవాళ్లు పెరిగారు. ఎక్కువ దెబ్బ పడేది ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, బట్టలు అమ్మే చిన్న షాపుల మీద. కస్టమర్ షాపులో వస్తువు చూసి, ఫోన్లో ధర పోల్చుకుని, అక్కడే ఆర్డర్ పెడతాడు. కిరాయి, కరెంటు, మనుషుల జీతాలు మాత్రం షాపు ఓనర్ కట్టాల్సిందే.

అయితే ప్రతి ఉద్యోగం ఆన్‌లైన్ వల్లే పోవడం లేదు. సౌదీ సంగతి చూడండి. మొబైల్ షాపుల్లో సౌదీ పౌరులే పనిచేయాలని 2016లోనే రూలు పెట్టారు. 2018 సెప్టెంబర్ నుంచి బట్టలు, ఫర్నిచర్, ఎలక్ట్రానిక్స్ లాంటి 12 రకాల షాపుల్లోనూ విడతల వారీగా వాళ్ల వాటా పెంచారు. సౌదీ వెళ్లేవాళ్లు షాపు వీసా అనగానే ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొత్త పని: గోదాం, బైక్

పోయిన పనికి బదులు గోదాంలో, డెలివరీలో పని దొరుకుతోంది. కానీ రెండూ ఒకటి కాదు. షాపులో నెల జీతం ఉంటుంది. బైక్ మీద చాలా చోట్ల ఆర్డర్‌కు ఇంత అని లెక్క. ఆర్డర్లు తగ్గితే సంపాదన తగ్గుతుంది, ఎండలో రోడ్డు ప్రమాదం భయం వేరే. 2022 మేలో దుబాయ్‌లో ఆర్డర్ రేటు తగ్గిస్తామన్నందుకు రైడర్లు పని ఆపారు. కంపెనీ వెనక్కి తగ్గింది. కానీ ఇక్కడ సమ్మె చేయడం చట్టవిరుద్ధం, దేశం నుంచి పంపించేయొచ్చు. కాబట్టి ఫిర్యాదు దారిలోనే పోవాలి.

షాపు పని కోసం తెచ్చి "రేపటి నుంచి బైక్ ఎక్కు" అంటే వెంటనే ఒప్పుకోవాల్సిన పని లేదు. తాత్కాలిక అవసరం తప్పిస్తే, ఒప్పందంలో లేని వేరే పనికి మీరు రాసిచ్చే ఒప్పుకోలు కావాలి. బైక్ లైసెన్స్ ఖర్చు ఎవరిది, జీతంలో కోత ఎంత, యాక్సిడెంట్ అయితే ఎవరు చూస్తారు, ఇవన్నీ కాగితం మీద అడగండి.

షాపు మూసేస్తే మీకు రావాల్సినవి

యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త కార్మిక చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం:

1. నోటీసు: ప్రొబేషన్ అయిపోయిన వాళ్లకు 30 రోజుల నుంచి 90 రోజుల దాకా. మీ ఒప్పందంలో ఎంత ఉందో చూసుకోండి. ఆ రోజులకు జీతం ఇవ్వాలి.

2. గ్రాట్యుటీ: ఏడాది నిండితే వస్తుంది. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. ఉదాహరణకు బేసిక్ 1,200 దిర్హాములు, సర్వీసు ఆరేళ్లు అనుకుందాం. రోజుకు 40. అయిదేళ్లకు 4,200, ఆరో ఏడాదికి 1,200. మొత్తం 5,400 దిర్హాములు.

3. వాడుకోని సెలవుల డబ్బు, మిగిలిన జీతం. ఇవన్నీ ఒప్పందం ముగిసిన 14 రోజుల్లోపు ఇవ్వాలి.

4. ఇంటికి టికెట్: మీ తప్పు లేకుండా తీసేస్తే, మీరు వేరే కంపెనీలో చేరకపోతే, కంపెనీయే పెట్టాలి.

5. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్: 2023 జనవరి నుంచి తప్పనిసరి. బేసిక్ 16,000 లోపు ఉంటే నెలకు 5 దిర్హాములే. వరుసగా 12 నెలలు కట్టి ఉంటే, బేసిక్‌లో 60 శాతం చొప్పున మూడు నెలల దాకా ఇస్తారు. పని పోయిన 30 రోజుల్లోపే దరఖాస్తు పెట్టాలి. కట్టకపోతే 400 దిర్హాముల ఫైన్.

రాజీనామా కాగితం జాగ్రత్త

చాలామంది మోసపోయేది ఇక్కడే. "ఊరికే ఫార్మాలిటీ" అంటూ రాజీనామా కాగితం ముందు పెడతారు. సంతకం పెడితే గ్రాట్యుటీ పోదు గానీ, ఇన్సూరెన్స్ డబ్బులు రావు. నోటీసు జీతం, టికెట్ కూడా చిక్కుల్లో పడతాయి. కంపెనీ తీసేస్తుంటే కంపెనీయే లెటర్ ఇవ్వాలి. "అన్నీ ముట్టినవి" అని రాసి ఉన్న కాగితం మీద డబ్బు చేతికి రాకముందు సంతకం వద్దు. అరబీలోనో ఇంగ్లీషులోనో ఉండి అర్థం కాకపోతే, ఫోటో తీసి తెలిసినవాళ్లతో చదివించుకోండి.

కార్మిక శాఖ నంబర్లు 600590000, 80084. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబర్ 80046342.

ఇంటి దగ్గరవాళ్లకు

మీవాడి ఒప్పందం, వీసా, పాస్‌పోర్టు కాపీలు మీ ఫోన్లో కూడా పెట్టుకోండి. "డెలివరీ వీసా ఉంది, లక్ష కట్టండి" అనే ఏజెంటును నమ్మి మిత్తికి అప్పు తేవద్దు. మన దేశ రూల్స్ ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. రసీదు అడగండి. షాపు మూతపడిందని మీవాడు చెప్పిన రోజు అతణ్ని కోప్పడకండి. పైసలు ఎప్పుడు పంపుతావని అడిగే ముందు, కాగితం మీద సంతకం పెట్టావా అని అడగండి.