తుపాకి మడమ చెప్పే చరిత్ర

కొన్నేళ్ళ కిందట ఒక ప్రదర్శనశాలలో బ్రిటిషు కాలపు తుపాకి నొకదానిని చూశాను. ఇనుము తుప్పుపట్టి వుంది. చెక్క మాత్రం పెళ్ళిపీటలా మెరుస్తోంది. ఉప్పుకాగితంతో అరగదీసి, పైన దట్టంగా వార్నీషు పూశారు. మడమ మీద ఒక్క అంకె గాని, ఒక్క ముద్ర గాని మిగలలేదు. "కొత్తదానిలా చేయించామండీ" అన్నాడు అక్కడి ఉద్యోగి, గర్వంగానే. ఆయనను తప్పుపట్టి లాభం లేదు. పాతదాన్ని కొత్తదిగా చేయడమే శుభ్రం చేయడమని మనలో చాలామంది అనుకుంటున్నాం. కాని చరిత్ర విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న వేరు. పోయింది మురికేనా, లేక సాక్ష్యమా?

తుపాకి అనగానే అందరూ గొట్టాన్ని చూస్తారు. మనిషి చెయ్యీ, భుజమూ తగిలేది చెక్కకు. బ్రిటిషు సైన్యపు లీ ఎన్‌ఫీల్డు రైఫిలు 1895లో వచ్చింది. దాని మడమ అక్రోటు కర్ర. ఆ కర్రకు పట్టించేది అవిసెనూనె. 19వ శతాబ్దంలో ఇంగ్లండు నూనెమిల్లులకు అవిసెలు పంపిన దేశాలలో మనది ముఖ్యమైనది. మన రైతు పండించిన గింజ, ఆ రైతునే అదుపులో పెట్టే తుపాకికి నూనెగా తిరిగి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో బెంగాలులో, హుగ్లీ ఒడ్డున, ఇషాపూరు ఫ్యాక్టరీ ఈ రైఫిళ్ళను తయారుచేయసాగింది. అక్కడ గొట్టం కింది చెక్క చీలిపోకుండా అడ్డంగా ఒక మర బిగించేవారు. నమూనా ఇంగ్లండుదే, ఆ మర మాత్రం ఇషాపూరు పనివాళ్ళ సంతకం.

1857 తిరుగుబాటును రగిలించిన వాటిలో ఎన్‌ఫీల్డు తూటా మీది కొవ్వు ఒకటి. దాన్ని అణచిన తరువాత పాలకులు దేశీయ సిపాయిలకు రైఫిళ్ళు కాక, గాడులు లేని నున్నని గొట్టపు మస్కెట్లు ఇచ్చారు. 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం పట్టరాదన్నది; యూరోపియన్లకు మినహాయింపు. 20వ శతాబ్దంలో పోలీసులకూ, జైలు కాపలాదార్లకూ ఇచ్చేందుకు ఇషాపూరులో రైఫిలు గొట్టాలను నున్నగా తొలిచి 410 మస్కెట్లుగా మార్చారు. తూటాల పెట్టె వుండవలసిన చోట ఒక చెక్కదిమ్మ బిగించారు. ఒక్కసారికి ఒక్కటే తూటా. దూరపు గురి లేదు. తన జీతగాణ్ణే నమ్మలేని ప్రభుత్వమది! ఆ చిన్న చెక్కదిమ్మే దానికి రుజువు. తెలియనివాడు అదేదో అతుకనుకొని పీకి పారేస్తాడు.

పాలకుల భయం కారణం లేనిది కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. ఏమేమి తీసుకున్నదీ రాజు ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేశాడు. పుస్తకంలోని ఆ రాత ఒక సాక్ష్యం. అటువంటి తుపాకి ఎక్కడైనా బయటపడితే దాని మీది గుర్తులు రెండో సాక్ష్యం. వాటిని అరగదీస్తే మొదటి సాక్ష్యం ఒంటరిదవుతుంది.

అయితే మురికిని అలాగే వదలమంటారా అని అడగవచ్చు. వదలనక్కరలేదు. ముందు తుపాకిలో తూటా లేదని చూసుకొని, చెక్క మీది గుర్తులన్నింటినీ ఫోటో తీసి, కాగితం మీద రాసుకోవాలి. తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడవాలి. జిగటగా పేరుకున్న నల్లని నూనె టర్పెంటైనుతో కొంచెం కొంచెంగా వదులుతుంది. లోపలికి ఇంకిన నూనెను సుద్దపొడి ముద్ద పీల్చుకుంటుంది. సొట్టపడిన చోట తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి అణగిన పీచు మళ్ళీ లేస్తుంది. కాని ముద్రలున్న చోట ఈ పని చేయరాదు. ముద్ర కూడా నొక్కుడే గనుక, సొట్టతోపాటు అదీ పోతుంది. చివరకు కొద్దిగా అవిసెనూనె అరచేత్తో రుద్ది, మిగిలింది తుడిచి, రోజుల తరబడి ఆరనివ్వాలి. ఈ నూనె గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అందుకే నూనెగుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. ఉప్పుకాగితానికీ, వార్నీషుకూ ఇందులో చోటు లేదు.

వైస్రాయిలు తమ కథ తామే రాసుకున్నారు. ఇషాపూరు కూలీ, మస్కెట్టు మోసిన సిపాయి, మన్యం పోరాటగాడు రాసుకోలేదు. వాళ్ళ జాడలు ఇటువంటి గీతలలోను, మరలలోను, అరిగిన అంచులలోను మిగిలాయి. అందువల్ల దేన్ని తుడవాలో, దేన్ని వుంచాలో తేల్చడం వడ్రంగానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మీ వూళ్ళోనో, మీ కళాశాలలోనో పాత వస్తువేదైనా బాగుచేయించబోతుంటే, ఉప్పుకాగితం పట్టకముందే వెళ్ళి ఒక్క మాట అడగండి: దీని మీద ఏం రాసివుందో చూశారా?