సత్యభామ వేషం ఎవరిది?

తెలుగు నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే ఎందుకు కట్టేవారని ఎవరినడిగినా ఒకటే జవాబు: "ఆ రోజుల్లో ఆడవాళ్లు దొరికేవారు కాదు." నాకీ జవాబు మింగుడుపడదు. దొరక్కపోవడమేమిటి? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లిలో 'కీచకవధ' ఆడి నాటకాల్లోకి దిగిన వనారస వారి కుటుంబాలు, అంతకుముందు తోలుబొమ్మలు ఆడించుకునేవాళ్లు. బొమ్మలు పక్కనపెట్టి తామే రంగు పూసుకున్నాక, తమ ఇంటి ఆడవాళ్లనే ద్రౌపదులుగా, దమయంతులుగా తెర ముందుకు తెచ్చారు. సరిగ్గా అదే కాలంలో కోస్తాలోనూ బళ్లారిలోనూ ప్లీడర్లు, పంతుళ్లు, కాలేజీ కుర్రాళ్లు మీసాలు గొరిగించుకుని చంద్రమతులవుతున్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు కూడా కుర్రతనంలో చీర కట్టి స్టేజీ ఎక్కినవాడే.

మాది తెనాలి పక్క పల్లెటూరు. ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కాబట్టి బతుకంతా మనిషిని చూడకుండా గొంతు వినడంతోనే గడిచింది. ఈ నాటకాల పిచ్చి మాత్రం అంతకు చాలాముందే మా నాయనమ్మ అంటించింది. ఆవిడ స్థానం నరసింహారావు సత్యభామను చూసిన మనిషి. ఆ సంగతి చెప్పేటప్పుడు, తిరుపతి వెళ్లొచ్చిన సంగతి చెప్పేటప్పటికంటే గట్టిగా చెప్పేది.

స్థానం వారిది బాపట్ల, పుట్టింది 1902లో. చంద్రమతి వేషగాడు రాకపోతే ఆ ఖాళీలో స్టేజీ ఎక్కి, తర్వాత తెనాలి రామవిలాస సభలో చేరి, సత్యభామ, చింతామణి, రోషనార, దేవదేవి, మధురవాణి వేషాలతో ఆంధ్రదేశమంతా ఊపేశాడు. 1938లో రంగూన్‌లో బంగారు కిరీటం పెట్టి సత్కరించారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. 'శ్రీకృష్ణ తులాభారం' రాసింది ముత్తరాజు సుబ్బారావు. అందులో సత్యభామకు బాగా పేరు తెచ్చిన పాట మాత్రం స్థానం స్వయంగా రాసుకున్నది. భర్తను కొంగున కట్టేసుకున్నానన్న ఆడదాని ధీమా ఆ పాట నిండా ఉంటుంది. 1966లో సినిమా తీసినప్పుడు ఆ పాటనే సుశీల పాడింది, జమున అభినయించింది. మగవాడు రాసి, మగవాడు చీర కట్టి పాడిన ఆ ధీమా ఆడగొంతులోకి రావడానికి అన్నేళ్లు పట్టింది. సినిమాలో పాట ఎంత బాగున్నా నాయనమ్మ పెదవి విరిచేది. "అమ్మాయి బానే చేసింది గానీ, ఆయనంత ఆడతనం లేదు" అనేది. ఆ మాటకు మా అమ్మ విరగబడి నవ్వేది.

నాటకానికి తీసుకెళ్లేటప్పుడు నాయనమ్మ నాకు ఒక పరీక్ష నేర్పింది. "నడుం చూసి మోసపోమాకే, మడమ చూడు" అనేది. చిన్నప్పట్నుంచీ చీర కట్టిన మనిషి కుచ్చిళ్లు కాలికి చుట్టుకోకుండా అడుగు కురచగా, నేలను రాసుకుంటున్నట్టు వేస్తుందట. మగవాడు ఎంత వయ్యారం పోయినా ఎప్పుడో ఒకప్పుడు మడమ గట్టిగా దించుతాడు, కుచ్చిళ్ల అంచు ఎగిరిపడుతుంది, అక్కడ దొరికిపోతాడు. ఊళ్లోకి వచ్చిన వేషగాళ్లలో చాలామంది రెండో రంగంకల్లా దొరికిపోయేవాళ్లే.

దొరకని మనిషిని నేను మా తిరునాళ్లలో చూశాను. రేపల్లె బుర్రా సుబ్రహ్మణ్య శాస్త్రి గారి సత్యభామ. నేను చెప్పబోయేది పాట సంగతి కాదు, తులాభారం రంగం. త్రాసులో ఒకవైపు కృష్ణుడు కూర్చున్నాడు. రెండోవైపు ధనం పోస్తున్నా సిబ్బె కదలదు. అప్పుడు సత్యభామ ఒంటిమీద నగలు తీసి వేయడం మొదలుపెట్టాలి. మామూలు వేషగాడు నగ తీసేటప్పుడు నగవంకే చూస్తాడు. కొక్కెం ఎక్కడుందో వెతుక్కోవాలి మరి. ఈయన చూపు త్రాసు ముల్లు మీదే ఉంది. చెయ్యి మాత్రం దానంతట అదే పైకి వెళ్లి వంకీని బొటనవేలితో కిందినుంచి తోసి జార్చేసింది. తర్వాత చెవి దగ్గరికి పోయింది. రోజూ నిద్రమత్తులో నగలు తీసి అలమారలో పెట్టే ఆడదాని చెయ్యి అది. ఎక్కడ చూసి నేర్చుకున్నాడో! తల్లినో, భార్యనో ఎన్ని రాత్రులు గమనించి ఉంటాడు? హార్మోనియం ఆగింది, పెట్రోమాక్స్ లైట్ల సొద వినపడుతోంది, ఆడవాళ్ల వైపు ఎవరూ పక్కనున్నవాళ్లతో మాట్లాడటం లేదు. మగవాళ్ల వైపు నుంచి మాత్రం అంతకుముందు పద్యానికి ఇంకా "వన్స్ మోర్" అరుస్తూనే ఉన్నారు.

కాబట్టి ఆడవేషం కట్టిన మగవాడి విద్యను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. నా పేచీ ఆ "దొరకలేదు" అన్న మాటతోనే.

1880లో రాజమండ్రికి ధార్వాడ నాటక కంపెనీ వచ్చి వెళ్లింది. వాళ్లు వేసుకున్న పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శనకు అదే మొదలంటారు. పెద్దమనుషులు భోగం మేళాలకు వెళ్లకూడదని, ఇళ్లల్లో పెట్టించకూడదని ఉద్యమం నడిపిందీ ఆయనే. ఆ ఉద్యమం తప్పని అనను. కానీ దాని పక్కనే ఏం జరిగిందో చూడాలి. పాట, అభినయం, పదిమంది ముందు నిలబడే ధైర్యం తరతరాలుగా ఉన్న ఆడవాళ్లు అప్పట్లో కళావంతుల ఇళ్లలోనే ఉండేవారు. కొత్తగా పుట్టిన నాటక సభలు ప్లీడర్లవి, పంతుళ్లవి. వాటికి కావలసింది పరువు. పద్యాలు, పాటలు పెట్టి నాటకాన్ని సంగీతంతో నింపిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల కాలం నుంచీ స్టేజీకి మంచి గాత్రం తప్పనిసరి అయింది. గాత్రం ఉన్న ఆడవాళ్లకు మాత్రం పరువు లేదన్నారు. పరువున్న ఇళ్ల ఆడవాళ్లకు గడప దాటే వీల్లేదు. ఈ రెండింటి మధ్యా చీర కట్టడానికి మిగిలింది మగవాడు. అంటే ఆడవాళ్లు దొరక్క కాదు, ఉన్నవాళ్లను వద్దనుకుని.

ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ ఈ సంగతి గట్టిగానే పట్టుకున్నాడు. ఆడపాత్ర ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, పి.వి. రాజమన్నార్ రాసిన 'తప్పెవరిది' లాంటి నాటకాల్లో కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించాడు. రాగాలు తీయడం కన్నా మాట పలకడానికే పెద్దపీట వేసిన మనిషి ఆయన. నాయనమ్మకు అందుకే రాఘవంటే పెద్ద గురి లేదు. "పద్యం పాడని నాటకానికి రాత్రంతా మేలుకోవడమెందుకు" అనేది. నేనూ ఆ విషయంలో నాయనమ్మ పక్షమే.

తర్వాత ఆడవాళ్లు తమ దారి తామే చూసుకున్నారు. దాసరి కోటిరత్నం సొంత నాటక సమాజం నడిపింది. 1935లో 'సతీ సక్కుబాయి' తీసి తెలుగులో తొలి మహిళా నిర్మాతగా పేరు తెచ్చుకుంది. ఏలూరు నాటకాల్లోంచి వచ్చిన కన్నాంబ అదే ఏడు 'హరిశ్చంద్ర' సినిమాలో చంద్రమతి అయింది. సినిమాలో కెమెరా మొహం మీదికి వస్తుంది కాబట్టి మగ చంద్రమతుల ఆటలు అక్కడ సాగలేదు. నాటకాల్లో ఆడవేషాలతో మొదలైన అక్కినేని, సినిమాలకొచ్చి మగవేషాల్లోనే పేరు తెచ్చుకున్నాడు. ఎన్టీఆర్ కథ ఇంకోరకం. విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు నాగమ్మ వేషం ఇస్తే మీసం తీయనన్నాడు. దాంతో 'మీసాల నాగమ్మ' అనే పేరు పడింది.

మా ఇంట్లో ఒక్క నాటకం మీద మాత్రం నిషేధం ఉండేది. కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'. ఆయన రాసింది వేశ్యావృత్తి వల్ల కాపురాలు ఎలా కూలతాయో చెప్పడానికే. కాంట్రాక్టు నాటకాల కాలానికి అసలు నాటకం తగ్గి, సుబ్బిశెట్టి, శ్రీహరిల మధ్య ఎప్పటికప్పుడు కల్పించుకునే బూతు మాటలు పెరిగాయి. మగవాళ్లంతా వెళ్లేవారు, ఆడవాళ్లం తలుపులేసుకుని మైకులో వినేవాళ్లం. ఉద్యోగం వచ్చాక ఆ నాటకం చూశాను. చింతామణి పద్యాలు పాడే రంగాల్లో జనం బయటికి టీ తాగడానికి లేచిపోతున్నారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. శెట్టి పాత్రతో తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటున్నారు, వాళ్ల బాధలో అర్థముంది. కానీ చింతామణిని కించపరుస్తున్నారని ఎవరైనా అడిగారా? స్థానం వంటివాడు ప్రాణం పెట్టి వేసిన పాత్రను టీ విరామం చేశారు కదా!

సురభి వాళ్లకు ఈ గొడవలేవీ పట్టలేదు. వాళ్లింట్లో పిల్ల నడవడం మొదలుపెట్టగానే బాలకృష్ణుడో, లోహితాస్యుడో అవుతుంది. సురభి కమలాబాయి తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి స్టేజీ మీదే ఆమెను కన్నదని చెబుతారు. ఆ కమలాబాయే 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. ఇప్పుడు వాళ్ల కుటుంబాలు కొన్ని హైదరాబాద్ లింగంపల్లిలో ఉన్నాయి. 1937 నుంచి నడుస్తున్న శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో పోయారు.

రిటైరయ్యాక కూతురింటికి హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా పబ్లిక్ గార్డెన్స్‌లోనో, రవీంద్రభారతిలోనో సురభి 'మాయాబజార్' ఉందేమో కనుక్కుంటాను. జనం గాల్లో ఎగిరే లడ్డూల కోసం, బాణాల నిప్పుల కోసం వస్తారు. నేను వచ్చేది మాయా శశిరేఖ కోసం. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కదా. అంటే ఒక ఆడమనిషి, ఆడవేషం కట్టిన మగవాణ్ణి నటించాలి. కిందటిసారి ఆ పిల్ల లక్ష్మణకుమారుడి పక్కన సిగ్గు నటిస్తూ తలొంచుకుని, అతను అటు తిరగ్గానే లేని మీసాన్ని మెలేసింది. మళ్లీ ఇటు తిరిగేసరికి అదే చేత్తో ముంగురులు సర్దుకుంది. "వన్స్ మోర్" అన్నాను. పద్యానికి కాకుండా దేనికన్నానో అర్థంకాక ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. స్టేజీ మీద పిల్లకు మాత్రం అర్థమైంది. మీసం ఇంకోసారి మెలేసింది.