సమస్యా స్వరూప నిర్ణయం - గురజాడ అసమ్మతి పత్రం: ఒక చారిత్రక పరిశీలన

ఉన్నతవిద్యా ప్రణాళికా రచనలో భిన్నవర్గాలు కలిసి కూర్చున్నంత మాత్రాన సమష్టి నిర్ణయం సిద్ధించదు. వారి ముందుంచిన ప్రశ్న ఏ పరిధిలో రూపొందిందన్నది ఫలితాన్ని చాలావరకు ముందే నిర్దేశిస్తుంది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ అప్పారావు సమర్పించిన అసమ్మతి పత్రం ఇందుకు ప్రబల నిదర్శనం.

నేపథ్యం

శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడకు సహాధ్యాయి. తరువాత గిడుగు పర్లాకిమిడిలోను, గురజాడ విజయనగరం మహారాజా కళాశాలలోను అధ్యాపకులైనారు. పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ పుస్తకాల తెలుగుకూ ప్రజల తెలుగుకూ గల అంతరాన్ని ప్రశ్నించగా, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు వీరిద్దరి పేర్లు సూచించారు. ఆ విధంగా బోధన నుంచి పుట్టిన సందేహం పరీక్షల విధానానికి, అక్కడినుంచి విశ్వవిద్యాలయానికి చేరింది. 1913లో గిడుగు ఆధునికాంధ్రాన్ని సమర్థిస్తూ విజ్ఞాపన ప్రకటించగా, జయంతి రామయ్య పంతులు గ్రాంథికపక్షాన నిలిచారు.

ప్రశ్న పరిధి

విశ్వవిద్యాలయం నియమించిన సంఘం ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే: తెలుగు వ్యాసరచనకు ఏ శైలి ఆమోదయోగ్యం? ఈ రూపంలో అది పండితుల తీర్పుకు లోబడిన భాషాసాధుత్వ వివాదమైంది. అధికసంఖ్యాకులు గ్రాంథికంవైపు మొగ్గారు. గురజాడ తన పత్రంలో ఆ చట్రాన్నే ప్రశ్నించారు. చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853) ఒరవడిగా స్థిరపడిన గద్యశైలి కృత్రిమమని, గ్రాంథికవాదుల రచనలలో సైతం ఏకరూపత లేదని ఉదాహరణలతో చూపారు. ఆ శైలిని నేర్వవలసిన విద్యార్థిపై పడే భారాన్ని చర్చలోకి తెచ్చారు.

ఆధునిక పద్ధతుల వెలుగులో

లాంకస్టర్ విశ్వవిద్యాలయాచార్యుడు పీటర్ చెక్‌లాండ్ 1981 నాటి గ్రంథంలో ప్రతిపాదించిన పద్ధతి, పరిష్కారానికి ముందు కొన్ని అంశాలను విచారించమంటుంది. మార్పు ఫలితం ఎవరికి చెందుతుంది? దానిని ఎవరు అమలుచేస్తారు? దానిని ఆపగల అధికారం ఎవరిది? ఏ ప్రపంచదృష్టి దానికి అర్థం కల్పిస్తోంది? ఈ ప్రశ్నలను 1914కు అన్వయిస్తే, ఫలితం అనుభవించేది విద్యార్థి, అమలుచేసేది ఉపాధ్యాయుడు, ఆపగలిగేది విశ్వవిద్యాలయం. ఒక పక్షానికి భాష సంరక్షించవలసిన వారసత్వం. మరొక పక్షానికి అది జ్ఞానాన్ని అందరికీ అందించే సాధనం. ఈ రెండు దృష్టుల నడుమ ఓట్ల లెక్కతో సమన్వయం సాధ్యం కాదు. వాటిని పక్కపక్కన నిలిపి, ఉభయులూ సహించగల మార్పును వెదకడమే అట్టి పద్ధతుల లక్ష్యం. ఏ శైలిలోనైనా వ్రాసే స్వేచ్ఛ విద్యార్థికి ఇవ్వడం అటువంటి మార్గమే. కాని విజేతను తేల్చవలసిన ప్రశ్నలో దానికి చోటు చిక్కలేదు.

ముగింపు

గురజాడకు ఈ పరిభాషను ఆపాదించడం కాలవిరుద్ధం. అయినా సంఘం పరిగణించని విద్యార్థి పక్షాన్ని ఆయన పత్రం నమోదు చేసింది. 1915 నవంబరు 30న ఆయన మరణించేనాటికి విశ్వవిద్యాలయంలో గ్రాంథికానిదే పైచేయి. గిడుగు 1919లో 'తెలుగు' పత్రికను స్థాపించి ఆ వాదాన్ని ప్రజలలోకి కొనసాగించారు. నేడు విశ్వవిద్యాలయ పరిశోధన సైతం వ్యావహారికంలోనే సాగుతోంది. నాటి సంఘం నిర్ణయం కాలంతోపాటు చెల్లిపోయింది. అది తోసిపుచ్చిన అసమ్మతి పత్రం మాత్రం నేటికీ పఠనీయంగా నిలిచింది. పాఠ్యప్రణాళికా సంఘాలు అధికసంఖ్యాక నిర్ణయంతోపాటు అసమ్మతిని కూడా భద్రపరచవలసిన ఆవశ్యకతను ఈ చరిత్ర స్పష్టం చేస్తున్నది.