కొలతలతో కట్టిన కంచె: మౌంట్ లారెల్ (ఇల్లు–వాడ–చట్టం, 6వ భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, కులం లేని దేశంలో ఊరు, వాడ అనే తేడా ఉండదు గదా?" ఉంటుంది తమ్ముడూ, పేరు మారుతుంది అంతే. అమెరికాలో దాని పేరు జోనింగ్. ఏ నేలలో ఏం కట్టాలో, ఎంత కట్టాలో స్థానిక ప్రభుత్వం గీసే గీత అది.

న్యూజెర్సీ రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాకు దగ్గర్లో మౌంట్ లారెల్ అనే ఊరుంది. అక్కడ నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా బతికాయి, పొలాల్లో కూలి చేశాయి. 1950లో ఊరి జనాభా 2,817. 1970 నాటికి 11,221. నగరం వదిలి వచ్చిన తెల్ల మధ్యతరగతితో ఊరు నిండింది. పాత కూలీలు ఉండే కొట్టాలు, బాగుచేసుకున్న కోళ్ళ షెడ్లు నివాసానికి పనికిరావని మునిసిపాలిటీ మూయించసాగింది. పడగొట్టడానికి చట్టం ఉంది, బదులు ఇల్లివ్వడానికి మాత్రం లేదు. ఈ మాట మనకు కొత్తా?

ఆ ఊరి 1964 జోనింగ్ చట్టం చదవండి. "నల్లవాళ్ళు రాకూడదు" అని ఎక్కడా లేదు. రంగు పేరుతో జోన్లు గీస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1917లోనే చెప్పేసింది. అందుకని కొలతలు రాశారు. ఒక ప్లాటుకు ఒక్క ఇల్లే, అదీ విడిగా. ఒక జోన్లో ప్లాటు కనీసం 20,000 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో దాదాపు 46 సెంట్లు! (మన పల్లెల్లో 2020లో పేదవాడికిచ్చిన పట్టా సెంటున్నర.) ఊరి నేలలో 29 శాతానికి పైగా పరిశ్రమలకని ఉంచారు. అందులో నిజంగా వాడింది వంద ఎకరాల లోపే.

తర్వాత పెద్ద బిల్డర్లకు అపార్ట్‌మెంట్లు కట్టుకోనిచ్చారు, కానీ పిల్లల మీద షరతులు పెట్టి. ఒక ప్రాజెక్టులో ఒక్క బెడ్‌రూమ్ ఇంట్లో బడి వయసు పిల్లలే ఉండకూడదన్నారు. పిల్లల మీద ఎందుకంత పగ? బడుల ఖర్చులో పెద్ద వాటా ఊరి ఆస్తి పన్ను నుంచే వస్తుంది కాబట్టి. చిన్న ఇంటికి పన్ను తక్కువ, పిల్లలుంటే ఖర్చు ఎక్కువ. పేద తల్లి పిల్లలతో వస్తే ఊరి ఖాతాలో నష్టం. దీన్ని వాళ్ళు ద్వేషం అనరు, బడ్జెట్ అంటారు.

ఎథెల్ లారెన్స్ ఆ ఊళ్ళో ఆరో తరం మనిషి, చిన్నపిల్లల టీచరు. ఆమె, ఇరుగుపొరుగు కలిసి 36 అద్దె ఇళ్ళు కట్టుకుంటామని అడిగారు. 1970లో వాళ్ళ చర్చికే మేయరు వచ్చి, ఇక్కడ బతికే స్థోమత లేనివాళ్ళు ఊరొదిలి పోవాల్సిందేనని చెప్పాడు. ఆరు తరాల నుంచి ఉన్నవాళ్ళతో!

1971లో కేసు వేశారు. 1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాని తర్కం విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి: జోనింగ్ అధికారం ఊరి సొంత ఆస్తి కాదు, రాష్ట్రం అప్పగించింది. కాబట్టి ఊరు తన గేటు లోపలి వాళ్ళ మేలే చూసుకుంటే కుదరదు, చుట్టుపక్కల ప్రాంతం మొత్తానికి కావాల్సిన పేదల ఇళ్ళలో తన వాటా మోయాలి. ఆధారం రాష్ట్ర రాజ్యాంగం. అదే ఏడాది ఇలాంటి ఇంకో కేసును ఫెడరల్ సుప్రీంకోర్టు గుమ్మంలోనే ఆపేసింది.

గెలిచారు కదా, ఇళ్ళు వచ్చాయా? మౌంట్ లారెల్ ఏం చేసిందంటే, 22 చదరపు మైళ్ళ ఊళ్ళో 20 ఎకరాలు చూపించింది. 1983లో అదే కోర్టు మళ్ళీ కూర్చుని, మాట వినని ఊళ్ళ మీదికి బిల్డర్లు కోర్టుకెళ్ళి అనుమతి తెచ్చుకోవచ్చంది. అప్పుడు ఊళ్ళు గోల పెట్టాయి. 1985లో శాసనసభ చట్టం చేసింది. అందులో ఒక సందు ఉంది: డబ్బిచ్చి తన వాటాలో సగం దాకా వేరే ఊరికి అప్పజెప్పొచ్చు. డబ్బున్న ఊళ్ళు డబ్బిచ్చాయి, పేద నగరాలు తీసుకున్నాయి. నా దృష్టిలో ఇది వెలివేతకు రేటు కట్టడమే. 2008లో గానీ అది రద్దు కాలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ తీర్పు ఆదాయం గురించి మాట్లాడింది, జాతి గురించి కాదు. "పేదలు" అనే మాటలో నల్లజాతి మనిషి ఎక్కడో వెనక వరసలోకి పోయాడు. "బలహీన వర్గాలు" అనే మాటతో మనకూ జరిగేది అదే.

ఎథెల్ లారెన్స్ 1994లో చనిపోయింది. ఆమె పేరు పెట్టిన ఇళ్ళలోకి కుటుంబాలు వచ్చింది 2000లో. కట్టకముందు ఊరంతా నేరాలు పెరుగుతాయి, ఇళ్ళ ధరలు పడిపోతాయి అని అరిచింది. డగ్లస్ మాసీ బృందం తర్వాత లెక్కలు తీసి 2013లో పుస్తకం వేసింది. నేరాలూ పెరగలేదు, ధరలూ పడలేదు, పన్నులూ పెరగలేదు.

న్యూజెర్సీలో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి ఇల్లు కొంటారు. 2024లో ఆ రాష్ట్రం ఈ వాటాల మీద మళ్ళీ కొత్త చట్టం చేసింది. ఊరూరా లెక్కలు తేలే చోట మనవాళ్ళు ఎటువైపు నిలబడుతున్నారో అక్కడున్న మిత్రులు రాయండి.

వచ్చే భాగంలో మన 1977 అసైన్డ్ భూముల చట్టం.