బిడ్డ నిద్రయు, మందును

జబ్బుపడిన పసిబిడ్డ నిద్రపోయినచో ఇల్లెల్ల నెమ్మదించును. తల్లి కన్ను మూయును. తండ్రి మరునాటి పనికి సిద్ధపడును. పొరుగువారు మందు గుణమిచ్చినదని సంతసింతురు. ఈ సంతసము సహజమే. కాని బిడ్డ సద్దుచేయకుండుట వేరు, నిద్రించుట వేరు, స్వస్థత నొందుట వేరు. ఈ మూటిని ఒక్కటిగా నెంచుటవలన కలిగిన కీడు చరిత్రయందు స్పష్టముగ కానవచ్చుచున్నది. ఆ చరిత్రను స్మరించుట నేటి తల్లిదండ్రులకు నిష్ప్రయోజనము కానేరదు.

మన పూర్వులు ఈ భేదము నెరుగనివారు కారు. చరకసంహిత నిద్రను శరీరమును నిలుపు మూడు ఉపస్తంభములలో నొకటిగ చెప్పినది. కాశ్యపసంహితయందు మాటలురాని శిశువు బాధను వాని చేష్టలవలన గుర్తించుటకు ఒక యధ్యాయమే కలదు. బిడ్డ యేడుపు ఒక భాష. దాని నణచుటకు ముందు దాని యర్థమును తెలిసికొనవలెను. ఆ భాషను వినుటకు తీరికలేని కాలము దాపురించినపుడు, దానిని మాన్పు మందులు అంగళ్లను నింపెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశపు మిల్లుల పట్టణములలో గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అను పానకము విరివిగ అమ్ముడుపోవుచుండెను. అందలి ముఖ్యద్రవ్యము నల్లమందు. కూలికి పోవు తల్లులు బిడ్డలను దాదులకప్పగించిపోగా, దాదులు ఈ పానకము పట్టి వారిని పరుండబెట్టుచుండిరి. నల్లమందు నొప్పినే కాదు, ఆకలిని గూడ చంపును, ఊపిరిని మందగింపజేయును. మోతాదు మించి కొందరు శిశువులు ఒక్క రాత్రిలో మరణించిరి. మరికొందరు పాలు త్రాగక, ఏడ్వక, నానాటికి కృశించి పోయిరి. 1868లో నల్లమందు అమ్మకమునకు అచట ఒక శాసనము కట్టడి చేసినను, పేటెంటు మందులకు మినహాయింపు దొరకెను.

అమెరికాలో 1849 మొదలుకొని మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్ అను మందు పండ్లు వచ్చు బిడ్డలకై అమ్మబడెను. ప్రకటనలపై చిరునవ్వుతో తల్లియు, ఒడిలో బిడ్డయు. సీసాలో మార్ఫీను, సారాయము. 1906నాటి శాసనము ఇట్టి ద్రవ్యముల పేరులను సీసాపై అచ్చొత్తించి తీరవలెనని నిర్బంధించెను. తల్లి తన చేతిలోని సీసాలో ఏమున్నదో చదివి తెలిసికొనుటకు అంతకాలము పట్టినది. మనదేశమును ఇందుకు వెలి కాదు. బొంబాయి మిల్లులలో పనిచేయు స్త్రీలు బాలగోలీ యను నల్లమందు మాత్రలను పసివారి నోట వేసి పనికి పోవుచుండిరి. ఆ తల్లులను నిందించుట సులభము. కాని బిడ్డను చూచుకొను మనిషిని గాని, కూలి పోని సెలవును గాని వారికి సమకూర్చినవా రెవ్వరు? ఆ మాత్ర పేదరికము ఇచ్చినది. తల్లి చేయి నిమిత్తమాత్రము.

నల్లమందు పోయినంతమాత్రమున ఆ బుద్ధి పోలేదు. ప్రోమెథజీన్ అను మందు దురదకును, వాంతికిని ఉపయోగించునది; మత్తుగూడ కలిగించుటచే బిడ్డలను నిద్రపుచ్చుటకు వాడిరి. పసికందులకు ఊపిరి యాగిన సందర్భములు బయటపడగా, 2004లో అమెరికా ప్రభుత్వము రెండేండ్ల లోపువారికి దాని నీయరాదని హెచ్చరించెను. దగ్గుమందులలోని కోడీను కొందరి దేహములలో అతిశీఘ్రముగ మార్ఫీనుగా మారును. కావుననే 2017లో పండ్రెండేండ్ల లోపువారికి దగ్గుకు గాని నొప్పికి గాని తగదని ఆ దేశము నిర్ణయించెను. 2023 డిసెంబరులో మన కేంద్ర ఔషధాధికారులును, క్లోర్‌ఫెనిరమీన్, ఫినైలెఫ్రీన్ కలిపిన జలుబు మందులను నాలుగేండ్ల లోపువారికి వాడరాదని సీసాలపై ముద్రింప నాజ్ఞాపించిరి. శాసనము ప్రతిసారియు ప్రమాదమునకు వెనుకనే నడచినది.

ఇది నిద్రను బలవంతముగ దెచ్చు మందుల కథ. నిద్రను హరించు మందుల కథ వేరు. అది ప్రాణదానముతో ముడిపడినది. ల్యుకీమియా యను రక్తవ్యాధి సోకిన బిడ్డకు 1947కు పూర్వము ఆశయే లేకుండెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు తమ సహచరులతో గూడి సిద్ధపరచిన అమినాప్టెరిన్ అను మందును, బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు వైద్యుడు బిడ్డల కిచ్చెను. పదునారుగురిలో పదిమందికి వ్యాధి తాత్కాలికముగ తగ్గినట్లు 1948 జూనులో ప్రకటింపబడెను. ఆ యాగస్టులోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. పిదప కార్టిజోను జాతి మందులు, అనగా స్టెరాయిడ్లు, ఈ చికిత్సలో చేరెను. నేడు మంచి చికిత్స లభించు దేశములలో ఈ వ్యాధి సోకిన బిడ్డలు పదింట తొమ్మండుగురు బ్రదుకుచున్నారు.

ఆ బ్రదుకునకు ఇల్లు చెల్లించు వెలలో నిద్ర యొకటి. ప్రెడ్నిసొలోను, డెక్సామెథసోను వాడు దినములలో బిడ్డ రాత్రి పదేపదే లేచును, అర్ధరాత్రి అన్నమడుగును, కారణములేక అలుగును. మూత్రపిండముల వ్యాధికిని, ఉబ్బసమునకును ఈ మందులనే వాడుదురు గనుక ఆ యిండ్లలోను ఇదే గతి. దీనికి హేతువు కలదు. మన దేహమున సహజముగ నూరు కార్టిజోలు ఉదయమున హెచ్చి రాత్రికి తగ్గును. సాయంకాలము మ్రింగిన మాత్ర దేహమునకు తెల్లవారినదని చెప్పినట్లగును. కావుననే దినమునకు ఒక్కమారు ఇచ్చునపుడు వైద్యులు సాధారణముగ ఉదయమునే నిర్ణయింతురు. కొన్ని చికిత్సలలో రెండు మూడు మారులు ఈయక తప్పదు. రెండవ మోతాదు వేళను కొంత ముందునకు జరుపవచ్చునేమో వైద్యుని అడుగవలెను. తమంత తాము మార్చరాదు. చిరకాలము వాడిన స్టెరాయిడును హఠాత్తుగ మానుట ప్రాణాపాయము. ఏలనన దేహమునందలి గ్రంథులు తమ పనిని మరచియుండును.

నిద్ర చెడగొట్టు మందునకు నిద్రమందును జోడించుట వెనుకటి పొరపాటునకు క్రొత్త రూపము. అంగడివానిని గాని, పొరుగింటివారిని గాని అడిగి మరియొక సిరపు పట్టరాదు. ఒక పుస్తకమున మందిచ్చిన వేళ, నిద్రించిన వేళ, లేచిన వేళ, లేచినపుడు ఏడ్చినదా, దగ్గినదా, ఒళ్లు గోకుకొన్నదా యను సంగతులు వారము దినములు వ్రాసికొనవలెను. నిద్రను చెరచినది మందో, వ్యాధియో అందువలన తేలును. పగలు వెలుతురులో ఆట, రాత్రి మసక దీపము, నిత్యము ఒకే వేళకు పడక కొంత మేలుచేయును. బిడ్డ లేపినను లేవకున్నను, ఊపిరి మందగించినను, పెదవులు నీలవర్ణమైనను అది నిద్ర కాదు. తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలయును.

ఇక రెండు మాటలు. తల్లి వచ్చి బిడ్డ రాత్రి నిద్రించుటలేదని చెప్పినపుడు దానిని ఆడువారి చాదస్తమని త్రోసివేయు వైద్యుడు, తన చికిత్సకు గల ఏకైక రాత్రి సాక్షిని పోగొట్టుకొనుచున్నాడు. ఉబ్బసమునకు వాడు మాంటెలుకాస్ట్ అను మందువలన పీడకలలు, స్వభావపు మార్పులు కలుగవచ్చునని 2020లో అమెరికాలో తీవ్రమైన హెచ్చరిక వెలువడుటకు అట్టి యిండ్లనుండి వచ్చిన మొరలు గూడ కారణమే. రెండవది, ఆ సాక్ష్యము నంతయు ఒక్క తల్లిమీదనే మోపుట న్యాయము కాదు. తండ్రి యొక రాత్రి మేలుకొనినచో ఆమె యొక రాత్రి నిద్రించును. నిద్రలేని తల్లి చేతినుండియే మోతాదులు తప్పును. బాలగోలీ కాలపు తల్లికి తోడు దొరకలేదు. నేటి తల్లికి ఆ తోడును తన యింటిలోనే కల్పించుట మన వశములోని పని.