అంటుమామిడి చరిత్ర

మంచి మామిడిపండు తిని, దాని టెంకను పెరటిలో పాతిపెట్టని వారు మనలో ఎవరు? మొక్క మొలచును, కొన్నేండ్లకు కాచును; కాని ఆ కాయ మనము తిన్న పండువలె ఉండుట అరుదు. ఏలయనగా మన మామిడి రకములలో చాలవాటి టెంకనుండి ఒకే మొలక వచ్చును. అది తల్లిచెట్టు గుణములతోబాటు, పుప్పొడి నిచ్చిన చెట్టు గుణములను కూడ కలుపుకొని పుట్టును.

ఈ చిక్కును విప్పినది అంటు. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిన తరువాత అచ్చటి తోటలలో మామిడికి అంటు కట్టుట వ్యాపించెను. ఇందులో జెస్యూటు పాదిరుల కృషి కలదని చరిత్రకారులు చెప్పుదురు. 1656లో మన దేశమునకు వచ్చిన వెనిసు వాసి మనూచీ, శ్రేష్ఠమైన మామిడిపండ్లు గోవాలో పండుననియు, వాటికి వేర్వేరు పేర్లు కలవనియు వ్రాసెను. ఒక పండు పేరు తరతరములు నిలువవలెనన్న, దాని గుణము మారక నిలువవలెను గదా!

పూర్వపు పద్ధతి శ్రమతో కూడినది. కుండీలోని మొక్కను మంచె మీద తల్లికొమ్మ దాక ఎత్తి, రెంటిని ఒకప్రక్క చెక్కి, జతచేసి కట్టి, రెండు మూడు నెలలు నీరు పోయుచు కనిపెట్టవలెను. అటుపిమ్మట కొంకణ తీరమున ప్రచారమునకు వచ్చిన టెంక అంటు ఇంటిలోనే సాధ్యము. వానకాలమున టెంక మొలచి పది పదునైదు దినములై, ఆకులింకను రాగిరంగున నుండగా, కాండమును టెంకకు మూడంగుళముల పైన కోసి, నడుమ అంగుళమున్నర చీల్చవలెను. కోరిన చెట్టు కొమ్మకు పదిదినములు ముందుగా ఆకులు త్రుంచి, ఆ పుల్లను కోసి, మొనను ఇరుప్రక్కల చెక్కి చీలికలో దింపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి, సంచి తొడిగి నీడను ఉంచవలెను. మూడు నాలుగు వారములకు చిగురు కనబడును.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. దానిని కాపాడువారు అనేకులు. కాని నూతిగట్టున తాత నాటిన, పేరులేని ఆవకాయ చెట్టు సంగతి యేమి? ఇల్లు కట్టుటకో, బాట వెడల్పు చేయుటకో దానిని నరికినచో, దానితో ఆ రుచియు పోవును. మరల ఎన్ని టెంకలు పాతినను తిరిగి రాదు.

చదువరులారా, గొడ్డలి రాకముందే పుల్ల తీయుడి. పది టెంకలు మొలిపించి పదింటికిని కట్టుడి. తొమ్మిది ఎండిపోయినను, ఒక్కటి బ్రతికిన చాలును.