ప్రాణవాయువూ, పడుచుదనమూ

వెలిగే దీపం మీద గ్లాసు బోర్లిస్తే కాసేపటికి ఆరిపోతుందని మనకందరికీ తెలుసు. 1774లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన, ఎర్రటి పాదరస భస్మాన్ని భూతద్దంతో వేడిచేసి ఒక వాయువు పట్టాడు. అందులో కొవ్వొత్తి ధగధగా మండింది. తర్వాత తానూ పీల్చి చూశాడు, హాయిగానే ఉందట. కాని కొవ్వొత్తి త్వరగా కరిగిపోయినట్టే, ఇది పీల్చే మనిషి ఆయుష్షూ త్వరగా అయిపోదు కదా అని ఆయనకో అనుమానం.

ఉత్తి అనుమానం కాదండీ అది. ఒత్తిడి పెంచిన ఆక్సిజన్ జంతువులకు ఫిట్లు తెప్పిస్తుందని 1878లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ రాశాడు. అయినా అదే మందు కూడా అయింది. సముద్రం అడుగునుంచి పైకొచ్చి జబ్బుపడ్డ డైవర్లకీ, బొగ్గు పొగ పీల్చి స్పృహ తప్పినవాళ్లకీ, మానని కొన్ని షుగరు పుండ్లకీ ఒత్తిడి గదిలో ఆక్సిజన్ పట్టిస్తారు.

మరి రక్తకణాల్లోని క్రోమోజోముల మాటేమిటి? 1990లలో జర్మనీలోని ఉల్మ్ నగరంలో ఆరోగ్యవంతులకి ఈ వైద్యం చేసి రక్తం తీసి చూశారు. మొదటిసారి కాగానే తెల్లకణాల్లో డి.ఎన్.ఏ. పోగులు అక్కడక్కడా తెగి ఉన్నాయి! మర్నాటికి అతుక్కున్నాయి. చిత్రమేమిటంటే, తర్వాత మళ్ళీ పట్టించినా తెగలేదు. దెబ్బ తిన్న ఒళ్లు కాచుకోవడం నేర్చుకుందన్నమాట.

2020లో ఇజ్రాయెల్ నుంచి ఇంకో కబురు వచ్చింది. చీర కొంగుకి కుచ్చులు ముడివేయకపోతే పోగులు ఊడిపోవూ? క్రోమోజోము కొసల్లోనూ అలాంటి ముడులుంటాయి, వాటిని టెలోమియర్లంటారు. వయసుతో అవి కురచబడతాయి. 64 ఏళ్లూ ఆపై వయసున్న కొందరిని వారానికి అయిదు రోజులు, రోజూ గంటన్నర, మొత్తం 60 సార్లు ఒత్తిడి గదిలో కూర్చోబెడితే, వాళ్ల తెల్లకణాల్లో ఆ కొసలు 20 శాతం పైగా పొడుగయ్యాయట. ఇంకేం, ముసలితనం వెనక్కి తిరిగిందని పత్రికలు రాశాయి.

నాకైతే అది తొందరపాటే అనిపిస్తుంది. ఈ వైద్యం పొందనివాళ్లను పక్కన పెట్టి పోల్చి చూడనేలేదు. పైగా కొలిచింది రక్తకణాల్ని, మనిషి ఆయుష్షుని కాదు. పాత కణాలు తగ్గి కొత్తవి రక్తంలోకి వచ్చినా కొసలు పొడుగ్గానే కనిపిస్తాయి. మీ అత్తగారి కాలిపుండుకి డాక్టరు రాస్తే ఆ గదికి తీసుకెళ్లండి. వయసు తగ్గిస్తామని డబ్బు అడిగితే మాత్రం, ఎవరితో పోల్చి చూశారని ముందు అడగండి.